ఉడుత తవ్వింది సరే, మీరు నాటింది ఏమిటి?

మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. బెంగళూరు నుంచి అనంతపురం వచ్చి ఏడాది కాలేదు, ఇంటి ముందు పది అడుగుల మడి, మిద్దె మీద పన్నెండు కుండీలు, ఆన్‌లైన్‌లో తెప్పించిన ట్యులిప్, డాఫొడిల్, గ్లాడియోలస్, లిల్లీ గడ్డలు నాటిన మూడో రోజుకే సగం బయట పడున్నాయి, కారంపొడి చల్లినా లాభం లేదు, ఉడుతల్ని ఎట్లా ఆపాలి, అసలు ఇక్కడి ఎండలకు ఏ గడ్డలు పెట్టుకోవాలి అని కదా అడిగారు. నేను ఇదే ఊర్లో ఇరవై రెండేళ్ళుగా పూలమొక్కలు పెంచుతున్నాను, అందులో ఎనిమిదేళ్ళు ఊరి బయట అర ఎకరాలో లిల్లీ, అదే నేల సంపెంగ, వేసి మార్కెట్‌కు పూలు పంపాను. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకుని చదవండమ్మా.

ముందు చేదు మాట చెప్పేస్తాను. ఉడుత వదిలేసిన ఆ మిగతా ట్యులిప్ గడ్డలు కూడా మీకు పూయవు. ట్యులిప్ గడ్డ పూత పట్టాలంటే పన్నెండు నుంచి పద్నాలుగు వారాల పాటు 9 డిగ్రీల లోపు చలి తగలాలి. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా మామూలుగా 15, 17 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మే నెలలో పగలు 40 దాటుతుంది. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన లక్షల ట్యులిప్‌లు పూస్తున్నాయంటే అక్కడ చలికాలమంతా గడ్డ మీద మంచు కురుస్తుంది. ఫ్రిజ్‌లో మూడు నెలలు పెట్టి డిసెంబరులో నాటి ఒక్కసారి పూయించుకునేవాళ్ళు ఉన్నారు, నేనూ ఒకసారి చేశాను. కూరగాయల అరలోనే పెట్టాను, పక్కన ఆపిల్ పండ్లున్నాయి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ చచ్చిపోతుందని తర్వాత తెలిసింది. ఆకులొచ్చాయి, పూలు లేవు. ఒకవేళ పూసినా మరుసటి ఏడాదికి ఆ గడ్డ పనికిరాదు. డాఫొడిల్‌దీ ఇంచుమించు ఇదే కథ. అందుకే ఉడుత మీకు చేసిన నష్టం మీరు అనుకున్నంత లేదు, ఆ నష్టం డబ్బు కట్టిన రోజే జరిగిపోయింది.

ఇప్పుడు దొంగ సంగతి. అది ఉడుతేనని మీకెట్లా తెలుసు? చూశారా, లేక మిద్దె మీద ఉడుతలు తిరుగుతున్నాయి కాబట్టి అవే అనుకున్నారా? ఇది ఎందుకు అడుగుతున్నానంటే నా దగ్గరకు ఉడుత ఫిర్యాదుతో వచ్చినవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో అసలు దొంగ పందికొక్కు. ఉడుత పగటి జీవి. తెల్లవారాక దిగుతుంది, పొద్దు గూకే లోపల గూటికి చేరుతుంది. టీ కప్పు పట్టేంత గుంట తీస్తుంది, రెండు మూడు అంగుళాల కంటే లోతుకు పోదు, మట్టి చుట్టూ చిమ్ముతుంది, గడ్డను పైకి లాగి పక్కన పడేస్తుంది. పందికొక్కు రాత్రిపూట వస్తుంది, పిడికిలి దూరేంత బొక్క చేస్తుంది, బొక్క మూతి దగ్గర మట్టి కుప్ప పోస్తుంది, గడ్డ ఎక్కడా కనపడదు. పైన మొక్క బాగానే నిలబడి ఉంటుంది, రెండు రోజులకు వాడిపోతుంది, పట్టుకుని లాగితే ఊరికే చేతికి వస్తుంది, కింద ఏమీ ఉండదు.

తేల్చుకోవడానికి ఒక రూపాయి ఖర్చు లేని పని ఉంది. ఈ సాయంత్రం గుంటలన్నీ పూడ్చి మట్టిని చేత్తో సాపు చేయండి, దాని మీద ముగ్గుపిండి పలచగా చల్లండి. తెల్లవారుజామున ముగ్గేసే వేళకు, వెలుతురు రాకముందే టార్చి పట్టుకుని చూడండి. అప్పటికే పిండి చెదిరి ఉంటే కొక్కో ఎలుకో. చెదరకుండా ఉండి, ఎనిమిది గంటలకు చూస్తే చెదిరి ఉంటే ఉడుత. రెండు మూడు రోజులు చూడండి, ఒక్కరోజుకే తీర్పు చెప్పొద్దు, ఒక్కోసారి పిల్లి కూడా మెత్తటి మట్టి చూసి తన పని తాను కానిచ్చి పోతుంది. మీరు గడ్డలు పక్కనే పడున్నాయని రాశారు కాబట్టి మీ కేసులో ఉడుతే అయ్యుండొచ్చు, అయినా పిండి చల్లే చూడండి.

ఉడుతే అనుకుందాం. అది ఎందుకు తవ్వింది? ఇది నేను తెలుసుకున్న తీరు చెబుతాను. లిల్లీ వేసిన మొదటి ఏడాది, పొలంలోకి పోగా మిగిలిన రెండు వందల గడ్డలు ఇంటి దొడ్లో నాటాను. మన సీమలో అందరూ చేసినట్టే ప్రతి గుంటలో ఒక పిడికెడు వేరుశనగ చెక్క, మన మాటలో చెనిక్కాయ చెక్క, పొడి చేసి వేశాను. మరుసటి రోజు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఒక ఉడుత కాంపౌండు గోడ మీద నుంచి దిగింది. తోక ఎగరేస్తూ చిక్ చిక్ అని అరిచి, మొదటి గుంట దగ్గర ముక్కు ఆనించి, రెండు ముందుకాళ్ళతో గబగబా గోకింది. లిల్లీ గడ్డ పైకి వచ్చింది. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఒక కొరుకు కొరికి, నచ్చనట్టు వదిలేసింది. తర్వాత ఆ గుంటలోకే తలపెట్టి మట్టి కింద ఉన్న చెక్క ముక్కలు ఏరుకుని తింది, అక్కడే కూర్చుని, తీరిగ్గా, నాకేసి చూస్తూ. తర్వాత రెండో గుంట. నా కాఫీ అయిపోయేలోపు పదకొండు గడ్డలు బయటపడ్డాయి, ఒక్కటీ తినలేదు. దానికి కావాల్సింది చెక్క, నా గడ్డ దానికి అడ్డం మాత్రమే.

అనంతపురం జిల్లాలో ఉడుతకు బుడ్డల, అంటే వేరుశనగ కాయల, రుచి నేర్పాల్సిన పని లేదు కదా. ఖరీఫ్ అంతా కళ్ళాల్లో, మిద్దెల మీద ఆరబోసిన కాయలు తిని పెరిగింది అది. ఆ వాసన మనమే గుంటలో పెట్టి పైన మెత్తటి మట్టి కప్పితే విస్తరి వేసి పిలిచినట్టే. ఎముకల పొడి వేసినా కుక్క, పిల్లి, కొక్కు వస్తాయి. మీరు రాసిన 'ఆర్గానిక్ పాటింగ్ మిక్స్'లో ఏముందో సంచి మీద చదవండి, అందులో ఆముదం చెక్కో వేరుశనగ చెక్కో ఉంటుందని నా అనుమానం. ఆముదం చెక్క అయితే ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అది తింటే కుక్క ప్రాణం మీదకు వస్తుంది. నేను ఆ ఏడాది నుంచి నాటేటప్పుడు వేపపిండి, బాగా మాగిన పశువుల ఎరువు తప్ప గుంటలో ఇంకేం వేయను. చెనిక్కాయ చెక్క ఇవ్వాలనుకుంటే మొక్క జానెడు ఎత్తు పెరిగాక నానబెట్టి, పులియబెట్టి, తేరిన నీళ్ళు మాత్రం పోస్తాను. వాసన రెండు రోజులు ఉంటుంది, ఇరుగుపొరుగు ఏమన్నా అంటే నా పేరు చెప్పండి.

ఇంకో విషయం. మీరు చూసిన వీడియోలన్నీ అమెరికావో ఇంగ్లాండువో అయ్యుంటాయి. అక్కడి బూడిదరంగు ఉడుత మన వీపు మీద చారల ఉడుతకు నాలుగైదు రెట్లు బరువుంటుంది, చలికాలం కోసం గింజలు మట్టిలో దాచుకునే అలవాటు దానిది, ట్యులిప్ గడ్డ దానికి ఇష్టమైన తిండి. మన ఉడుత వంద గ్రాములు తూగితే ఎక్కువ. మంచు కాలానికి గిడ్డంగి కట్టుకోవాల్సిన అవసరం దానికి లేదు. కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే పురుగులు, గింజలు ఉంటాయని వెతుకుతుంది, అంతే. అందుకే మనకు పెద్ద పెద్ద బోనులు, కంచెలు అక్కర్లేదు. నాటిన రోజు నుంచి గడ్డ వేళ్ళూని మొలక నాలుగు వేళ్ళ ఎత్తు వచ్చేదాకా, అంటే మూడు నాలుగు వారాలు కాపాడుకుంటే చాలు. మట్టి గట్టిపడ్డాక దానికి ఆసక్తి పోతుంది.

ఆ మూడు నాలుగు వారాలకు నేను వాడేది అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్, అంటే గట్టి ఇనుప జాలీ, హార్డ్‌వేర్ షాపులో మీటర్ల లెక్కన ఇస్తారు. పలచటి కోళ్ళ జాలీ కూడా ఉడుతకు సరిపోతుంది కానీ మన బోరు నీళ్ళ ఉప్పుకు రెండేళ్ళలో తుప్పు పట్టి చేతిలో రాలిపోతుంది, పైగా కొక్కు పళ్ళకు ఆగదు. గడ్డ నాటి, మట్టి కప్పి, కాలితో కాదు గానీ అరచేత్తో గట్టిగా అదిమి, నీళ్ళు పోసి, ఆ మీద జాలీ పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టండి. మొలక జాలీని తాకగానే తీసేయాలి, మరిచిపోతే ఆకులు కన్నుల్లో ఇరుక్కుని తీసేటప్పుడు తెగిపోతాయి. గ్లాడియోలస్ ఆకు కత్తిలా సన్నగా వస్తుంది కాబట్టి ఒకట్రెండు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు, అమరిల్లిస్ మొగ్గ లావుగా వస్తుంది, దానికి ఆ వెసులుబాటు లేదు. కుండీలకైతే కొనాల్సిన పనే లేదు. పాడైన టేబుల్ ఫ్యాన్ ముందర జాలీ పన్నెండు అంగుళాల కుండీకి కొలిచి చేసినట్టు సరిపోతుంది. కూరగాయల ప్లాస్టిక్ బుట్ట బోర్లించి మీద రాయి పెట్టినా చాలు.

మడి పైన మట్టి కనపడకుండా రాతి ముక్కలు పరవడం ఇంకో దారి. తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు కోసే చోట ముక్కలు గుట్టలుగా పడుంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు, ఆటో బాడుగ మీది. అంగుళం, అంగుళంన్నర ముక్కలు ఒక వరుస పరిస్తే ఉడుత గోకలేదు, తేమ కూడా నిలుస్తుంది. కానీ నల్లబండ ముక్కలు ఎండలో పెనంలా కాగుతాయి, మార్చి వచ్చేలోపు తీసేయండి లేదా పైన ఎండుగడ్డి కప్పండి. కొబ్బరిపీచు మాత్రం పరవొద్దు, ఉడుత గూటికి అంతకంటే మంచి సరుకు లేదు. ఒక్కసారి రుచి మరిగిందంటే మీ కుండీల్లో పీచు పోగుపోగుగా మోసుకుపోతుంది.

కారంపొడి మీరు వాడారు, ఫలితం చూశారు. ఘాటు దానికి తగులుతుంది, నిజమే, కానీ ఒక్కసారి నీళ్ళు పోస్తే పోతుంది, గాలికి మన కళ్ళలోనే పడుతుంది. ఎర్రగడ్డ (ఉల్లి), తెల్లగడ్డ (వెల్లుల్లి) చుట్టూ నాటితే రాదని చెప్తారు. అది వాటిని తినదు, అంతవరకు నిజం. వాటి మధ్యలో నుంచి నడిచిపోయి పక్క గుంట తవ్వుతుంది. ప్లాస్టిక్ పాము పెట్టి చూశాను, మూడో రోజు దాని మీద కూర్చుని ఏదో గింజ కొరుక్కుంటూ కనపడింది. నైలాన్ వల కట్టాలని అనుకుంటే దయచేసి వద్దు. ఉడుత దాన్ని కొరికేస్తుంది, అది ఒక ఎత్తు, మా పక్కింట్లో కట్టిన వలలో జెర్రిపోతు చిక్కుకుని మధ్యాహ్నం ఎండకు చచ్చిపోయింది. ఎలుకల్ని తినే పామును మనమే చంపుకున్నట్టు. ఇక ఎలుకల మందు. జింక్ ఫాస్ఫైడ్ పిండిలో కలిపి పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని మీరే రాశారు, ఆ మాట చెవిలో కూడా వేసుకోవద్దు. కొక్కు అని తేలితే ఇనుప బోను పెట్టండి, లోపల ముందురోజు మిర్చి బజ్జీ ముక్క, అంతకు మించిన ఎర లేదు.

ఎండాకాలం మాట వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఉడుత మొగ్గలు కొరికితే, డ్రిప్పు పైపులకు చిల్లులు పెడితే, అది నీళ్ళ కోసం. పొలంలో మా లాటరల్ పైపులు ఎన్ని మార్చానో లెక్క లేదు. ఆఖరికి గట్టు మీద వేపచెట్ల కింద నాలుగు మట్టి మూకుళ్ళు పెట్టి రోజూ నీళ్ళు నింపడం మొదలుపెడితే కొరుకుడు పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గింది. మిద్దె మీద కుండీలకు దూరంగా, నీడలో, ఒక మూకుడు పెట్టండి. ఉడుతా భక్తి అంటాం కదా, ఇక్కడ భక్తి మన వైపు నుంచి ఉండాలి.

సరే, ఏం పెట్టాలి. అనంతపురం వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అందులో పెద్ద భాగం జూన్ నుంచి అక్టోబరు లోపల, సెప్టెంబరులో ఎక్కువ. ఎండలో ఆరు నెలలు ఎండిపోయి నిద్రపోయి, వాన తగలగానే లేచే గడ్డలు మనకు కావాలి. అవి ఉన్నాయి, మన అమ్మమ్మల వాకిళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నాయి, ఆన్‌లైన్ బొమ్మల్లో ఉండవు అంతే.

మొదటిది లిల్లీ, నేల సంపెంగ. పేరుకే లిల్లీ, నిజానికి ఇది మన పొలం గట్ల మీద పెరిగే కిత్తనారకు చుట్టం, రెండూ మెక్సికో వైపు నుంచి వచ్చినవే, అందుకే ఎండకు అంత తట్టుకుంటుంది. దండల కోసమైతే ఒంటిరెక్క రకాలు, శృంగార్, ప్రజ్వల్, రెండూ బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థలో తయారైనవే. ప్రజ్వల్ మొగ్గకు లేత గులాబీ చాయ ఉంటుంది, పువ్వు బరువుగా ఉంటుంది. ఇంటికి నేను ప్రజ్వలే చెబుతాను. ఉసిరికాయంత గడ్డ తీసుకోండి, అంతకంటే చిన్నవి ఆ ఏడాది ఆకులతోనే సరిపెడతాయి. రెండు అంగుళాల లోతు, జానెడు దూరం, మూడు నెలలు దాటగానే కంకి లేస్తుంది. ఒకసారి నాటితే మూడేళ్ళు కదపక్కర్లేదు. సాయంత్రం ఆరు దాటాక తలుపు తీస్తే వాసన హాల్లోకి వస్తుంది, దానికోసమైనా పెట్టాలి.

రెండోది రెయిన్ లిల్లీ, తెలుపు, గులాబీ, పసుపు. ఉల్లినారులా ఉంటుంది, ఏడాదంతా గడ్డి అనుకుని పట్టించుకోం, మంచి వాన పడ్డ మూడు నాలుగు రోజులకు కుండీ మొత్తం పూలు. బోరు నీళ్ళు ఎన్ని పోసినా అంత పూత రాదు, వాన నీళ్ళకే దాని లెక్క. మన ఊర్లో వాన ఎన్నిసార్లు పడిందో ఈ కుండీ చూసి చెప్పొచ్చు. ఇది, అమరిల్లిస్, స్పైడర్ లిల్లీ, క్రైనమ్ అన్నీ ఒకే కుటుంబం, గడ్డలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, ఏ ఉడుతా ఏ కొక్కూ తినదు. తవ్వి పడేయొచ్చు గానీ తినదు. చిన్నపిల్ల నోట్లో పెట్టుకోకుండా మీరు చూసుకోవాలి. అమరిల్లిస్ గడ్డ మెడ మట్టి పైకి కనపడేలా నాటండి, పూర్తిగా పూడిస్తే కుళ్ళుతుంది. ఫుట్‌బాల్ లిల్లీ ఏడాదికి ఒక్కసారే, వేసవి జల్లులకు, ఎర్రటి బంతిలా పూస్తుంది, మిగతా కాలం ఆ కుండీ ఖాళీ అనుకుని మట్టి పారబోయకుండా మీద చీటీ రాసి పెట్టండి. నేను పారబోశాను, అందుకే చెబుతున్నా.

మెట్టతామరకు నీళ్ళు ఎక్కువ కావాలి, దానికోసం ప్రత్యేకంగా పోయొద్దు, బోకులు తోమిన నీళ్ళు పోయే చోట రెండు దుంపలు పాతేయండి, అదే చూసుకుంటుంది. అగ్నిశిఖ, అడవినాభి అంటారే, మన కొండల్లో తీగలా పాకేది, పువ్వు చూస్తే కళ్ళు తిప్పుకోలేం, కానీ దాని దుంపలో కొల్చిసిన్ ఉంటుంది, మనిషి ప్రాణం తీస్తుంది. పాప పెద్దదయ్యేదాకా మీ ఇంట్లో వద్దు.

మీరు తెప్పించినవాటిలో గ్లాడియోలస్‌కు ఇక్కడ అవకాశం ఉంది, కాలం చూసి వేస్తే. ఇప్పుడు జూలైలో కాదు, అక్టోబరు చివర్లో నాటండి, మూడు నెలలకు, ఎండలు ముదరకముందే పూసేస్తుంది. పిండి పదార్థం బాగా ఉన్న గడ్డ కాబట్టి కొక్కుకు ఇది ఇష్టం, నాలుగు అంగుళాల లోతు నాటి జాలీ తప్పకుండా వేయండి. అప్పటిదాకా బూడిద రాసి, కాగితం సంచిలో వేసి, గాలి తగిలేచోట వేలాడదీయండి.

మట్టి గురించి ఒక్క మాట, ఎందుకంటే మీ చెల్లెలు కర్నూలులో ఉందని, ఆమెకూ ఇవే చెప్తానని రాశారు. మీది ఎర్ర గరపనేల, నీళ్ళు నిలవవు, మాగిన ఎరువు ఎక్కువ కలపండి, అంతే. ఆమె ఉండే చోట నల్లరేగడి అయితే ఇవే గడ్డలు సెప్టెంబరు ముసురుకు కుళ్ళిపోతాయి. అడుగు ఎత్తు మడి కట్టి, మూడో వంతు ఇసుక కలిపి, గడ్డ కింద కూడా ఒక గుప్పెడు ఇసుక పోసి నాటమనండి. కుండీ అంచున తెల్లటి పొర కడితే అది బోరు ఉప్పు. వాన పడినప్పుడు కుండీల్ని ఆరుబయటికి జరిపి, కింద రంధ్రం నుంచి నీళ్ళు ధారగా పోయేదాకా తడవనివ్వండి.

బయటపడ్డ గడ్డల్ని పారేయకండి. వేలితో నొక్కి చూడండి, మెత్తబడితే పోయినట్టే. గట్టిగా ఉండి పంటి గాట్లు మాత్రమే ఉంటే గాటు మీద పసుపు, బూడిద కలిపి అద్ది, రెండు రోజులు నీడన ఆరనిచ్చి, లిల్లీ గడ్డల్ని ఈ వారమే మళ్ళీ నాటండి. కొరికిన చోట తడి ఆరకుండా మట్టిలో పెడితే కుళ్ళు అక్కడి నుంచే మొదలవుతుంది. ట్యులిప్ గడ్డలు మాత్రం పాపకు చూపించి, పొరలు ఎట్లా ఉంటాయో మధ్యకు కోసి చెప్పి, కంపోస్టు గుంటలో వేసేయండి.